బుల్లియ్య తిప్పిన గుడ్లు

పోయిన వారం భాగం చివర నన్ను నేనే రాజమండ్రిలో, లక్ష్మీనరసింహంగారి గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాను. మీరు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. ఆ బెంచీలో ఒక మేకు పైకి లేచి ఉంది, నాకున్న ఒక్క మంచి చీరా దానికి తగిలి చిరిగింది.

ఈ వారమే కొత్తగా అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. యానాం రేవు నుంచి పడవలో ముప్పావుగంట వెళ్తే గౌతమి పాయలో కొంగలంక అని ఒక లంక వస్తుంది. అక్కడ రెండు రాక్షసి తాబేళ్ళున్నాయి. నీళ్ళలో ఈదేవి కాదు, నేల మీద నడిచేవి, ఒక్కొక్కటి నలుగురు మనుషులు కలిసి పట్టినా లేవనంత బరువు. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఎవరో ఓడ కెప్టెను సముద్రాల అవతలి దీవుల నుంచి తెచ్చి యానాంలో ఒక పెద్దమనిషికి బహుమానంగా ఇచ్చాడంటారు. మగదాని పేరు దొర. ఆడదాని పేరు అప్పాయమ్మ. ఆ పేరు పెట్టింది తాబేళ్ళని చూసుకునే మా బుల్లియ్య. అది వాళ్ళ అత్తగారి పేరు, నడక చూసి పెట్టానని తనే ఒప్పుకున్నాడు. వీటికోసం మా సంస్థ ఆ లంక మీద ఒక పరిశోధన కేంద్రం పెట్టింది. కేంద్రమంటే రెండు గదుల రేకుల షెడ్డు, ఒక చేతిపంపు, ఒక బోర్డు. ఏడేళ్ళుగా దానికి ఇన్‌ఛార్జిని నేను, సీతారామలక్ష్మిని.

ఈ ఏడాది, అంటే తొంభైతొమ్మిది ఫిబ్రవరి చివర్లో, అప్పాయమ్మ గొయ్యి తవ్వి పన్నెండు గుడ్లు పెట్టింది. ఎవరికి గుర్తున్నంతలోనైనా ఇదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే లక్ష్మీనరసింహంగారు కేంద్రం మూసేద్దామని, తాబేళ్ళని ఉత్తరాదిలో ఒక జూకి లారీ మీద పంపేద్దామని నిర్ణయించారు. ఆయన మా జాయింట్ డైరెక్టరు. ఎండల్లో అంత దూరం లారీ ప్రయాణమంటే దొర బతకడని నా భయం. పదకొండు రోజులు రాజమండ్రిలో ఆయన చుట్టూ తిరిగి, రిపోర్టు మీద రిపోర్టు రాసి, చివరికి ఒక మాట తీసుకున్నాను. ఆయనే స్వయంగా లంకకి వస్తారు, టార్చి వేసి చూస్తారు. ఒక్క గుడ్డులో ప్రాణం కనిపించినా మూడేళ్ళు గడువు. కనిపించకపోతే నేను నోరెత్తకూడదు. ఆయన వచ్చే రోజు ఈ రోజే.

నాకు ధీమా ఎందుకంటే, పన్నెండింటిలో మూడు గుడ్లకి నెల తిరిగేసరికి పైభాగాన సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ వచ్చింది. తాబేలు గుడ్డు విషయంలో అంతకన్నా మంచి కబురు లేదు. లోపల పిల్ల పెంకు పైభాగానికి అతుక్కుని పెరుగుతోందని దానర్థం. టార్చి ఆనించి చూస్తే ఎర్రటి దారాల్లా నరాలు కనిపించాయి. మిగిలిన తొమ్మిదీ నిమ్మపండు రంగులో పెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వాటి మీద నాకు ఆశ లేదు గానీ అవీ పెట్టెలోనే ఉంచాను.

పొద్దున్న పడవ దిగేసరికి రేవులో బుల్లియ్య గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు నా కోసం. తన నెత్తి మీద తువ్వాలు. యాభైఏడేళ్ళ మనిషి, అనపర్తి వైపు ఒక కోళ్ళ హేచరీలో ఇరవైరెండేళ్ళు పనిచేసి, అక్కడ కొత్త మిషన్లు వచ్చాక ఇంటికి పంపించేస్తే నా దగ్గరికొచ్చాడు. ఆయన్ని పెట్టుకున్నందుకు నన్ను నేను ఎన్నిసార్లు మెచ్చుకున్నానో లెక్కలేదు. చెప్పిన పని చెప్పిన టైముకి, చెప్పని పని ఇంకాస్త ముందే చేసే మనిషి. ఆ రెండో గుణం ఎంత ప్రమాదమో నాకు ఈ రోజు దాకా తెలీదు.

దొర బాగున్నాడు, అప్పాయమ్మ బాగుంది, తోటకూర సరిపోయింది, పంపు బాగు చేయించాను, గుడ్లు మాత్రం దివ్యంగా ఉన్నాయండి అని దారి పొడుగునా అప్పజెప్పాడు. ఆ దివ్యంగా అన్నమాట నాకు చెవికి ఇంపుగా కూడా తోచింది.

సారు లాంచి మూడింటికి. భోజనం అయ్యాక, అన్నీ ఒకసారి సరిచూసి పెట్టుకుందామని గుడ్ల గదిలోకి వెళ్ళాను. గది అంటే మళ్ళీ పెద్దగా ఊహించుకోకండి. భీమవరం రొయ్యల వ్యాపారులు ఐసు వేసి పంపే థర్మోకోల్ పెట్టెలు రెండు, వాటినిండా ఏటి ఇసక, ఇసకలో గుడ్లు. అంతే. మొదటి పెట్టె మూత తీసి, చేత్తో పైపై ఇసక మెల్లిగా పక్కకి తోశాను. గుడ్డు కనిపించింది. గుడ్డు మీద సున్నా కనిపించింది.

నేను గుడ్లన్నిటికీ పైభాగాన పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టాను. పెట్టిన మొదటి రోజు నుంచీ పిల్ల బయటికొచ్చే చివరి రోజు దాకా ఆ గుర్తు ఆకాశం వైపే ఉండాలి. ఎందుకో ఇందాకే చెప్పాను. పిల్ల పైపెంకుకి అతుక్కుని ఉంటుంది. గుడ్డు తిరగబడితే అది ఊడి అడుగున పడి, లోపలి నీళ్ళలోనే మునిగి చచ్చిపోతుంది. అందుకని ఆ ఇంటూ. నేను సున్నా పెట్టలేదు. నా జన్మలో గుడ్డు మీద సున్నా పెట్టలేదు.

రెండోది చూశాను. సున్నా. మూడోది, నాలుగోది, ఐదోది. చాలా చక్కటి సున్నాలు, రూపాయి బిళ్ళ పెట్టి గీసినట్టున్నాయి. రెండో పెట్టె తీశాను. అక్కడా సున్నాలే. వేళ్ళతో ఒక గుడ్డు కింద తడిమి, వంగి చూస్తే నా ఇంటూ అడుగున ఉంది.

గుమ్మంలో బుల్లియ్య మంచినీళ్ళ చెంబుతో నిలబడి ఉన్నాడు. మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది.

"ఈ సున్నాలేంటండి బుల్లియ్యగారూ?" అన్నాను. మా వైపు ప్రాణం పోతున్నా అండీ పోదు.

"రెండో పక్క గుర్తండి. తమరు ఇంటూ ఒక్కటే పెట్టి వదిలేశారు. సున్నా కూడా ఉంటేనే కదండి, ఏది తిప్పామో ఏది తిప్పలేదో తెలిసేది."

తర్వాత ఆయన చెప్పిందంతా నిలబడే విన్నాను. హేచరీలో మిషనే గుడ్లని అటూ ఇటూ వాలుస్తుందట. కరెంటు పోయినప్పుడు మాత్రం మనుషులే చేత్తో తిప్పాలట. గంపెడు గుడ్లలో పొరపాటు రాకుండా ఒక పక్క ఇంటూ, ఒక పక్క సున్నా. పొద్దున్న అన్నిటికీ ఇంటూ పైకి, మధ్యాహ్నం సున్నా, సాయంత్రం మళ్ళీ ఇంటూ, మర్నాడు పొద్దున్న సున్నాతో మొదలు. రోజుకి బేసి సంఖ్యలోనే తిప్పాలట, లేకపోతే రోజూ రాత్రి ఒకే వైపు ఉండిపోతుందట. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో మాస్టారు వచ్చి కూర్చున్నాడు. నేను ఊరెళ్ళిన రోజు పెట్టె తీసి చూసి కంగారుపడ్డాట్ట. నెల దాటిపోయింది, మేడమ్‌గారు ఇంటూలు పెట్టుకున్నారు గానీ ఒక్కసారీ తిప్పినట్టు లేదు, రిపోర్టులు రాసుకునే హడావిడిలో మర్చిపోయారు కాబోలు అనుకున్నాట్ట.

"మరి నాకు ఫోన్ చెయ్యొచ్చు కదండి. యానాం వెళ్ళినప్పుడు బూత్ ఉంది కదా."

"ఏంటోనండి, పెద్ద చదువు చదివినోరు. మీరు మర్చిపోయారండి అని ఫోన్ చేసి చెబితే బాగోదు కదండి. నేనే సర్దేస్తే సరిపోద్ది అనుకున్నాను."

అదండీ సంగతి. నా పరువు కాపాడ్డం కోసం, నాకు తెలీకుండా, పదకొండు రోజులు, రోజుకి మూడుసార్లు. ఒక్క పూట కూడా మానలేదు. మొన్న తనకి జ్వరం వచ్చినా లేచి వచ్చి తిప్పాడట. అది కూడా చెప్పాడు. ఈ దేశంలో ఏ ఆఫీసులోనైనా పనివాడు పని ఎగ్గొడతాడు, మనం తిడతాం, లోకం నడుస్తుంది. నాకు మాత్రం జ్వరంతో లేచొచ్చి పనిచేసేవాడు దొరికాడు. కాస్త బద్ధకం ఉన్న మనిషిని పెట్టుకుని ఉంటే ఈపాటికి హాయిగా ఉండేదాన్ని.

పెట్టె అంచు పట్టుకుని కింద కూర్చున్నాను. కోడిగుడ్డు తిప్పకపోతే చస్తుంది. తాబేలు గుడ్డు తిప్పితే చస్తుంది. దేవుడు ఈ రెండూ ఒకేలా పెట్టి ఉంటే ఆయన సొమ్మేం పోయేదో నాకు తెలీదు. రెండింటికల్లా ఎండ నడినెత్తి దాటుతుంది, మూడింటికి లాంచి వస్తుంది, టార్చి వేస్తారు, లోపల ఏమీ ఉండదు. దొర లారీ ఎక్కుతాడు. ఈ ఆలోచన వచ్చాక నా నోరు నా మాట వినలేదు.

"పదకొండు రోజులుగా మీరు వాటిని చంపుతున్నారండి," అన్నాను.

బుల్లియ్య ముందు నవ్వబోయాడు. నా మొహం చూసి ఆగాడు. తర్వాత నేను గుడ్డు లోపల ఏం జరుగుతుందో, పిల్ల ఎక్కడ అతుక్కుంటుందో, తిప్పితే ఏమవుతుందో చెప్పాను. మెల్లిగా చెప్పలేదు. ఏడేళ్ళ చాకిరీ, రాజమండ్రి బెంచీ, చిరిగిన చీర అన్నీ కలిపి చెప్పాను. అడగకుండా చేసే పని సేవ కాదని, పెత్తనమని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. ఆయన చెంబు కింద పెట్టి, నెత్తి మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తిప్పకూడదని తమరు చెప్పలేదు కదండి," అన్నాడు. దెప్పుతున్నట్టు కాదు, గుర్తు చేసుకుంటున్నట్టు.

నేను గోడ వైపు చెయ్యి చూపించాను. అక్కడ నేను టైపు చేయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, నాలుగు మూలలా మేకులు కొట్టించిన కాగితం ఉంది. ఏడు నియమాలు. మొదటి నియమమే, ఎట్టి పరిస్థితుల్లోనూ గుడ్డు తిప్పరాదని. పెద్ద అక్షరాల్లో, కింద రెండు గీతలతో.

బుల్లియ్య దాని వైపు ఓపిగ్గా చూశాడు. "అది ఇంగ్లీషు కదండి. పెద్దసార్లు ఎవరన్నా వస్తే చూపించడానికి పెట్టారనుకున్నాను."

నిజంగా అందుకే పెట్టాను. పెద్దసార్లు ఎవరన్నా వస్తే చూపించడానికే. ఆ గదిలోకి రోజూ వచ్చే మనిషి బుల్లియ్య ఒక్కడే, ఆయనకి తెలుగు శుభ్రంగా చదవడం వచ్చు, సాయంత్రం పూట పేపరు మొదటి పేజీ నుంచి సినిమా ప్రకటనల దాకా చదువుతాడు. ఈ గుడ్ల గురించి రాజమండ్రికి చెప్పాను, హైదరాబాదుకి రాశాను, ఒక విదేశీ పత్రికకి కూడా వ్యాసం పంపాను. పక్కనే ఉన్న మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకి తెలిసే ఉంటుందనుకున్నాను. నాకు తెలిసే ఉంటుందని ఆయనా అనుకున్నాడు. మా ఇద్దరి మర్యాదల మధ్యా గుడ్లు నలిగిపోయాయి.

నేను లేచాను. ఏడుస్తూ కూర్చునే తీరిక లేదు. సారు వచ్చేలోగా ఒక్కో గుడ్డుకీ టార్చి వేసి చూడాలి. మచ్చలున్న మూడింటిలో ఒక్కటన్నా మొండిగా బతికి ఉండొచ్చు. అసలు ఆ మూడూ ఏ వరసలో పెట్టానో గుర్తుచేసుకుంటూ మళ్ళీ ఇసక జరిపాను. మచ్చలు కనిపించలేదు. తిరగబడ్డాయి కదా, మచ్చ అడుగున ఉంటుందని అనుకుని ఒక్కొక్కటీ కింద చూశాను. లేదు. అప్పుడు లెక్కపెట్టాను. మొదటి పెట్టెలో ఐదు. రెండో పెట్టెలో నాలుగు.

"బుల్లియ్యగారూ, మూడు తక్కువున్నాయి."

"ఆయ్, అవి పాడైనవండి. మీరెళ్ళిన రోజే ఏరి తీసేశాను."

"ఏవి పాడైనవి?"

"పైన తెల్లగా మచ్చ పడ్డవి మూడున్నాయి కదండి. మచ్చ పడ్డ గుడ్డు పనికిరాదండి. పెట్టెలో ఉంటే మిగతావాటికి కూడా అంటుకుద్ది. హేచరీలో మొదట నేర్పేదే అదండి."

పన్నెండింటిలో ప్రాణమున్నవి మూడు. ఆ మూడింటినే ఈయన అనుభవం ఏరి పట్టుకుంది. ఇరవైరెండేళ్ళ అనుభవం లేని మనిషెవరికీ అంత ఖచ్చితంగా పొరపాటు చెయ్యడం చేతకాదు. కోపం కూడా ఒక హద్దు దాటాక ఏం చెయ్యాలో తెలీక నిలబడిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. గోడకి ఆనుకుని, ఆఖరికి, చాలా నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగాను. అవి తీసేసేముందు వాటిని కూడా తిప్పాడా అని.

బుల్లియ్య నన్ను కాస్త విడ్డూరంగా చూశాడు. "పాడైన గుడ్డు ఎవరన్నా తిప్పుతారేంటండి. పేలుద్దండి."

హేచరీలో కుళ్ళిన గుడ్డు కదిపితే బాంబులా పేలుతుందట. ఆ కంపు వారం రోజులు ఒంటిని వదలదట. ఒకసారి ఈయన మొహం మీదే పేలిందట. అందుకని ఆ మూడింటినీ ఇసకతో సహా రెండు చేతుల్లోకి తీసుకుని, ఎలా ఉన్నవాటిని అలాగే, వణక్కుండా, ఊపిరి బిగపట్టి, ఒక్కొక్కటిగా పట్టుకెళ్ళాట్ట. విసిరేస్తే పేలుతుందని విసరలేదు. కాకులు పొడిస్తే పేలుతుందని పైన వదల్లేదు. దూరంగా ఎండ తగిలే చోట రెండు జానల గొయ్యి తీసి, మెల్లిగా దించి, మీద ఇసక కప్పాడు.

ఆయన చెబుతుంటే నేను గోడ వదిలి నిటారుగా నిలబడ్డాను. ఆలోచించండి. తిప్పలేదు. కుదపలేదు. వెచ్చటి ఇసకలో, అప్పాయమ్మ తనే తవ్వుకునేంత లోతులో, ఇంటూ పైకే పెట్టి కప్పాడు. ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తా అంతకన్నా జాగ్రత్తగా తాబేలు గుడ్డు చోటు మార్చలేడు. ఈయన కష్టపడి తిప్పిన తొమ్మిదీ మొదటి నుంచీ ఉత్త గుడ్లు. వాటికి పోయేదేమీ లేదు. మంచివనుకున్నవాటి జోలికెళ్ళి, చెడ్డవనుకున్నవాటికి మేలు చేశాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది, బుల్లియ్య భయపడిపోయి చెంబు అందించాడు.

ఎక్కడ పూడ్చారని అడిగాను. రేవు దగ్గరండి అన్నాడు. హేచరీలో కూడా షెడ్డుకి దూరంగా, గాలి అటువైపు పోయే చోటే పూడ్చేవాళ్ళట. పోటు నీళ్ళు అందని మెరక చూసి పూడ్చానని, గుర్తుకి ఒక తాటిమట్ట కూడా గుచ్చానని చెప్పాడు. పార వద్దు, చేతులతోనే తీద్దామన్నాను. టార్చి, ఒక ఖాళీ పెట్టె తీసుకుని బయటికి రాబోతుంటే లాంచి కూత వినిపించింది.

టైము రెండుంబావు. ఏడేళ్ళలో ఆ లాంచి ఒక్కసారి చెప్పిన టైముకి వచ్చి ఉంటే ఒట్టు. ఈ రోజు ముప్పావుగంట ముందొచ్చింది.

మేం ఇద్దరం రేవుకి పరిగెత్తాం. పరిగెత్తామంటే, ఆ ఎండలో, ఆ ఇసకలో, చెప్పులు చేతబట్టుకుని ఎంతవరకు వీలైతే అంత. చేరేసరికి దిగడం అయిపోయింది. లంక ఒడ్డున మనుషులు ఎనిమిదిమంది నడుములు పట్టుకుని రొప్పుతున్నారు. వాళ్ళ మధ్య ఒక చెక్కపెట్టె. పెట్టె అంటే మామూలుది కాదు, దొర పట్టే పెట్టె, మందపాటి పలకలు, ఇనుప పట్టీలు, ఒక చిన్న గది పట్టుకొచ్చినట్టుంది. ఆ పెట్టె మీద నల్ల గొడుగు వేసుకుని, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ లక్ష్మీనరసింహంగారు కూర్చుని ఉన్నారు.

"రామ్మా సీతారామలక్ష్మీ. మళ్ళీ ఇంకోసారి లాంచి మాట్లాడ్డం ఎందుకని పెట్టె కూడా వేయించుకొచ్చాను. నువ్వేం మనసు కష్టపెట్టుకోకు."

ఆయన చెడ్డమనిషి కాదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, వచ్చే ఏడు రిటైరవుతున్నారు, ఈలోగా ఏ ఫైలూ తన బల్ల మీద మిగలకూడదని ఆయన కోరిక. ఆ ఫైళ్ళలో నా రెండు తాబేళ్ళున్నాయి, అంతే. గుడ్లు చూడకముందే పెట్టె తెచ్చినందుకు ఇంకో రోజైతే నేను ఊరుకునేదాన్ని కాదు. ఇప్పుడు నా కళ్ళు తాటిమట్ట కోసం వెతుకుతున్నాయి. ఎక్కడా లేదు. బుల్లియ్య వైపు చూశాను. ఆయన చెయ్యెత్తి చూపించలేదు. చెక్కపెట్టె కేసే చూస్తున్నాడు. పెట్టె కిందనుంచి విరిగిన మట్ట కొస ఒకటి బయటికొచ్చి ఉంది.

ఒక్క క్షణం నాకు దొంగ ఆలోచన వచ్చింది, దాచను. సారుని షెడ్డులోకి తీసుకెళ్ళి, కొబ్బరినీళ్ళిచ్చి, ఫాను కింద కూర్చోబెట్టి, ఈలోగా బుల్లియ్య చేత పెట్టె జరిపించి తవ్వించేస్తే ఎవరికీ తెలీదు. ఎండగా ఉంది, లోపలికి రండి సార్, కొబ్బరినీళ్ళు తాగుదురుగాని అన్నాను. ఆయన కాళ్ళు చాపుకున్నారు. ఈ ఇసకలో అంత దూరం ఇప్పుడే నడవలేనమ్మా, ఓ అరగంట ఇక్కడే ఊపిరి తీసుకుంటాను, గుడ్లే ఇక్కడికి తెప్పించు, టార్చి నేనే తెచ్చాను అన్నారు. అంటూ కాస్త సర్దుకుని కూర్చున్నారు. పెట్టె ఇసకలోకి ఇంకో అంగుళం దిగింది.

పక్కన బుల్లియ్య గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. ఆ పెద్దమనిషిని లేవమని అడిగే ధైర్యం ఆయనకి లేదు. నాకూ లేదు, కానీ ఇద్దరిలో జీతం ఎక్కువ నాది.

"సార్, మీరు లేవాలి."

"ఎందుకమ్మా?"

"మీరు చూడ్డానికొచ్చిన గుడ్ల మీదే కూర్చున్నారు."

ఆయన వెంటనే లేవలేదు. కళ్ళజోడు పెట్టుకుని ముందు నన్ను చూశారు, తర్వాత కాళ్ళ కింద ఇసక చూశారు. గుడ్లు తాళం వేసిన గదిలో ఉన్నాయని నా రిపోర్టులో మూడు చోట్ల రాసి ఉంది, ఆయన చదివారు కూడా. రేవులో ఎవరు పూడ్చారని అడిగారు. బుల్లియ్య ఒక అడుగు ముందుకేసి నోరు తెరిచాడు. ఆయన్ని చెప్పనివ్వలేదు. కేంద్రం నాది, చెప్పవలసింది చెప్పవలసినవాళ్ళకి చెప్పకుండా వెళ్ళింది నేను, కాబట్టి పూడ్చింది కూడా నేనే అనుకోండి సార్ అన్నాను. ఇందాక గదిలో ఆయన్ని అన్న మాటలకి అది ఏ మూలకీ సరిపోదు, తెలుసు.

లక్ష్మీనరసింహంగారు మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచారు. ఆయన గొంతు పెద్దది చెయ్యలేదు. "పెట్టె తీయించు. నా ఎదురుగానే తవ్వించు. ఒక్కదానిలో ప్రాణమున్నా నేనిచ్చిన మాట మీదే ఉంటాను. లేకపోతే మాత్రం ఈ పెట్టె ఖాళీగా వెనక్కి రాదు," అన్నారు.

ఈడ్చొద్దు, ఎత్తండి, నిలువుగా ఎత్తండి అని ఎనిమిదిమందికీ చెప్పాను. ఎత్తడానికి మూడుసార్లు పట్టింది. రెండోసారి ఒక మూల జారి మళ్ళీ అక్కడే పడింది. చివరికి పక్కన పెట్టారు. పెట్టె ఉన్న చోట ఇసక నలుచదరంగా, గచ్చు చేసినట్టు గట్టిపడి ఉంది.

బుల్లియ్య తువ్వాలు నడుముకి చుట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేళ్ళతో తియ్యడం మొదలుపెట్టాడు. చిటికెడు చిటికెడు ఇసక తీసి పక్కన పోస్తున్నాడు. అంత పెద్ద చేతులు అంత చిన్నగా కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. సారు గొడుగు మూసేసి, ఎండలోనే వంగి చూస్తున్నారు. రొప్పుతున్నవాళ్ళు కూడా రొప్పడం ఆపారు. ఒక జాన లోతు అయింది. మోచెయ్యి సగం దాకా లోపలికి పోయింది. అక్కడ ఆయన చెయ్యి ఆగింది.

"తగిలిందా?" అన్నాను.

తల ఎత్తలేదు. చెయ్యి బయటికి తియ్యలేదు. చెమట ముక్కు మీంచి కారి గోతి అంచున పడుతోంది. ఇరవైరెండేళ్ళు లక్షల గుడ్లు పట్టుకున్న మనిషి, కళ్ళు మూసుకుని చేత్తో పట్టుకున్నా ఏ గుడ్డు మంచిదో చెప్పగలనని పందాలు కాసిన మనిషి, అలాగే ఉండిపోయాడు.

"మేడమ్‌గారండి, మీరోసారి చెయ్యి పెట్టి చూడండి," అన్నాడు. "నా చేతిని నేను నమ్మలేనండి ఇంక."

ఆయన పక్కనే ఇసకలో కూర్చుని, ఆయన మోచెయ్యి పక్కనుంచి నా చెయ్యి లోపలికి దింపాను. ఇసక పైన మాడిపోతోంది, లోపల గోరువెచ్చగా ఉంది. ముందు ఆయన వేళ్ళు తగిలాయి. వాటిని దాటి ఇంకా కిందికి పోనిచ్చాను. పెంకు తగిలింది, గుండ్రంగా, గరుకుగా. దాని చుట్టూ మెల్లిగా చూపుడువేలు తిప్పుకుంటూ వస్తుంటే, అవతలి వైపు, తడి తగిలింది.

ఏటి ఒడ్డు కదా, ఊట తడి కావచ్చు. పగిలిన గుడ్డు తడి కావచ్చు. లోపల ఉన్నంతసేపూ వేలికి ఆ తేడా తెలీలేదు. తెలియాలంటే చెయ్యి బయటికి తీసి చూసుకోవాలి. సారు నా మొహంలోకే చూస్తున్నారు. నేను చెయ్యి బయటికి తీశాను. మిగతాది వచ్చే వారం.